కారు వెనకాల వస్తే అది ఒంటరి ప్రయాణమేనా?

చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 39 ఏళ్లు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరు. భర్తకు బెల్లం మండీ ఉంది. కూతురు ఎనిమిదో తరగతి. అత్తగారు వీళ్ల దగ్గరే ఉంటారు. మూడేళ్ల కిందట షుగర్ వచ్చేలా ఉందని డాక్టరు నడవమన్నారట. నడక విసుగు పుట్టి సైకిలెక్కారు. మొదట వీధి చివరిదాకా, తర్వాత కాణిపాకం దాకా తొక్కారు. ఇప్పుడు ఆదివారం వస్తే అరవై, డెబ్బై కిలోమీటర్లు తొక్కందే ఆ రోజు గడవదు. రెండేళ్లుగా ఒకటే కోరిక: శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఒంటరిగా సైకిల్ మీద రావాలి. వచ్చే వేసవి సెలవుల్లో బయలుదేరాలని మనసులో అనుకున్నారు.

భర్త మాట: "పో. నేనేం వద్దనలే. కానీ ఒక్కదాన్నే పంపను. కారేసుకోని వెనకాలే వస్తా." అత్తగారి మాట: "ఆడది సైకిలేసుకోని దేశం తిరిగేదేందిమే?" కూతురి మాట: "పో అమ్మా, నేను ఉండగలను."

ఆమె ప్రశ్న ఆమె మాటల్లోనే: "పెళ్లయిన పదహారేళ్లలో ఒక్క రాత్రి కూడా నేను ఒంటరిగా ఎక్కడా పడుకోలేదు. అద్దంలో మా ఆయన కారు కనిపిస్తూ ఉంటే అది నా ప్రయాణం ఎలా అవుతుంది? ఆయన్ను కాదని పోవాలా? కారుతో సరిపెట్టుకోవాలా? లేదంటే ఈ ఆశే వదులుకోవాలా?"

చివరి పేజీలో, సంతకానికి ముందు, ఇంకో రెండు సంగతులు రాసి "ఇవి దీనికి సంబంధం లేకపోవచ్చు" అన్నారు. ఒకటి, మొన్న జులైలో ఒక ఆదివారం ఇంట్లో కాణిపాకం అని చెప్పి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు పోయి వచ్చారు. మండీకి వచ్చిన ఒక రైతు దారిలో చూసి భర్తకు చెప్పాడు. ఆయన ఏమీ గొడవ చేయలేదు. రెండు, నాలుగేళ్ల కిందట ఆమె మరిది పలమనేరు నుంచి రాత్రిపూట బైక్ మీద వస్తూ అదే ఘాట్‌లో లారీ కిందపడి చనిపోయాడు. ఆసుపత్రిలో తమ్ముణ్ణి గుర్తుపట్టింది భర్తే.

*

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి మీ పక్షాన కోపం వచ్చింది. సంపాదించుకుంటున్నారు, ఒళ్లు బాగుచేసుకున్నారు, నలభై ఏళ్లకు దగ్గరపడుతున్నారు, ఇంకా ఒకరు వెనకాల రావాలా అనిపించింది. రెండోసారి చివరి పేజీ దగ్గర ఆగిపోయాను. మూడోసారి ఆ పేజీ ముందు చదివి, తర్వాత మిగతా ఆరు పేజీలు చదివాను. మీరూ అలా ఒకసారి చదవండి. ఉత్తరమే మారిపోతుంది.

సంబంధం లేదన్న ఆ రెండు సంగతులే దీనికి మూలం. మీవారు కారు మాట ఎప్పుడెత్తారో మీరే రాశారు, ఆగస్టులో. మొగిలి సంగతి తెలిసింది జులైలో. అంతకుముందు సంవత్సరం మీరు కశ్మీరు ఊసెత్తినప్పుడు ఆయన నవ్వి "టైర్లు తట్టుకుంటాయా" అని మాత్రమే అడిగారట. ఈ రెంటి మధ్య జరిగింది ఒక్కటే. మీరు ఒక దారి చెప్పి ఇంకో దారిన పోయారు, అదీ ఆయన తమ్ముడు పోయిన దారిన.

నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. అడిగితే వద్దంటారని తెలుసు కాబట్టి చెప్పలేదు. ఘాట్ ఎక్కగలనా లేదా అని చూసుకోవాలనిపించింది, ఎక్కారు. పోనూ రానూ ఎనభై కిలోమీటర్ల పైన తొక్కి, పైన పలమనేరులో టీ తాగినప్పుడు ఎంత గర్వంగా అనిపించిందో రాశారు. ఆ గర్వం న్యాయమైనదే. కానీ ఆ రోజు మండీలో ఆ రైతు మాట విన్న మనిషి స్థానంలో ఒక్క నిమిషం కూర్చోండి. "మీ ఇంటామె సైకిల్ మీద మొగిలి ఘాట్‌లో కనబడింది" అన్న వాక్యంలో 'మొగిలి ఘాట్‌లో' అనే ముక్క దగ్గర ఆయన గుండె ఏమై ఉంటుంది?

ఒంటరి సైకిల్ ప్రయాణం గురించి నాకు తెలిసినదాంట్లో ముఖ్యమైన మాట ఒకటి చెబుతాను. నేను 2016 జనవరిలో తిరుపతి నుంచి ఒంటరిగా బయలుదేరాను. కడప, కర్నూలు, హైదరాబాద్, ఆదిలాబాద్ మీదుగా నాగపూర్ దాకా తొక్కాను. దారి పొడవునా నేను తొక్కింది సైకిలైతే, నన్ను నడిపించింది సాయంత్రం పూట ఇంటికి చెప్పే "చేరాను" అన్న ఒక్క మాట. ఇంట్లోవాళ్లకు మనం కనబడం. మన ఒళ్లు, మనం పడుకున్న గది తలుపుకు గడియ ఉందో లేదో, ఏదీ కనబడదు. వాళ్ల చేతిలో ఉండేది మన మాట ఒక్కటే. ఆ మాట నమ్మగలిగితే వాళ్లు నిద్రపోతారు. నమ్మలేకపోతే కారు తీస్తారు. మీవారి కారు లారీలకు అడ్డం పెట్టడానికి మాత్రమే కాదు. మీరు ఎక్కడున్నారో మీ నోటితో కాకుండా ఆయన కళ్లతో తెలుసుకోవడానికి.

అందుకే "ఆయన్ను కాదని పోవాలా, కారుతో సరిపెట్టుకోవాలా" అనే మీ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టమంటాను. మీకు ఒకరి అనుమతి అక్కర్లేదు. నేను ఆ విషయంలో గట్టిగానే ఉన్నాను. కానీ ఆయన అడుగుతున్నది అధికారం అనుకుంటే మీరు పోట్లాడతారు, భయం అనుకుంటే మాట్లాడతారు. ఉత్తరంలో నాకు కనిపించింది భయమే. అధికారమే అయితే ఆయన 'పో' అనేవారు కాదు. ఇంకో గుర్తు కూడా మీరే రాశారు, బహుశా గమనించకుండా: ప్రతి శనివారం రాత్రి మీ సైకిల్ టైర్లకు గాలి కొట్టేది, చైనుకు నూనె వేసేది ఆయనే. మొగిలి సంగతి తెలిసిన తర్వాత కూడా మానలేదు.

ఇక దారులు చూద్దాం. ఒక్కొక్కదానికి ఒక్కో వెల ఉంది.

ముందు ఒకటి తేల్చేద్దాం, వేసవి. మీరు లెక్కల టీచరు కాబట్టి లెక్కే వేద్దాం. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 3,700 కిలోమీటర్లు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా అనుకుంటే మీకు 49 రోజులు. సైకిల్‌తో సహా శ్రీనగర్ చేరడానికి, కన్యాకుమారి నుంచి ఇల్లు చేరడానికి ఆరు రోజులు తీసేయండి. వారానికో రోజు ఒంటికి విశ్రాంతి, అది ఇంకో ఆరు. మిగిలింది 37. అంటే రోజుకు సరిగ్గా నూరు కిలోమీటర్లు. బ్యాగులతో గంటకు 15 కిలోమీటర్లు పోతారు. మే నెలలో నాగపూర్ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. తెల్లవారుజామున ఐదింటికి ఎక్కి పదింటికి దిగిపోవాలి. అయిదు గంటలు, 75 కిలోమీటర్లు. లెక్క కుదరదు. కుదరాలంటే మధ్యాహ్నం తొక్కాలి. ఆ ఎండలో చెమట తడి కూడా తెలియదు, గాలికి ఆరిపోతూ ఉంటుంది. దాహం వేసేటప్పటికే ఆలస్యమై ఉంటుంది. వట్టి నీళ్లు ఎన్ని తాగినా ఉప్పు పోయాక తల తిరుగుతుంది. అంత ఎండలో ఒంటరిగా ఉన్న మనిషికి మతి తప్పడం మొదలైతే, తప్పుతోందని చెప్పేవాళ్లు పక్కన ఉండరు. మిగతా దారులన్నీ మీరే ఎంచుకోండి. దీన్ని మాత్రం నేను వద్దనే అంటాను, కారున్నా సరే.

అయితే ఎప్పుడు? మొదటి దారి ఇదీ: అక్టోబరు మొదట్లో శ్రీనగర్ నుంచి దిగితే చలి ముదరకముందే కొండలు దాటుతారు. పంజాబ్, ఢిల్లీ, ఆగ్రా పొగమంచు పట్టకముందే వెనకబడతాయి. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ వైపు పొద్దున పదింటిదాకా లారీవాడికి సైకిల్ కనబడదు. చలికాలం గాలి కూడా ఎక్కువగా ఉత్తరం వైపు నుంచే కాబట్టి వీపున తోస్తుంది. నేను దక్షిణం నుంచి ఉత్తరానికి పోయి ఆ గాలిని ముఖాన మోశాను, ఆ తప్పు మీరు చేయలేదు. ఇబ్బంది చివర్లో వస్తుంది. నవంబరులో తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు. వానలో రోజుకు అరవై అనుకోండి, సరిపోతుంది. కానీ అక్టోబరు, నవంబరు అంటే జీతం తగ్గే సెలవు. సగం జీతం సెలవు మీ ఖాతాలో ఎంత ఉందో ఇప్పుడే చూసుకోండి. సెలవుకన్నా పెద్ద మాట, పదో తరగతి పిల్లలు. రెండు నెలలు లెక్కల టీచరు లేకపోతే మార్చిలో ఆ పిల్లలు అనుభవిస్తారు. ఒక ఏడాది ముందే హెడ్మాస్టరుకు చెప్పి, ఆ సంవత్సరం పదో తరగతి వేరేవాళ్లకు ఇప్పించుకోగలిగితే మనసులో ముల్లు ఉండదు.

రెండో దారి చిన్నది, నాకు ఇష్టమైనది. సంక్రాంతి సెలవుల్లో మీ ఇంటి గడప నుంచి కన్యాకుమారి. వేలూరు, తిరువణ్ణామలై, తిరుచ్చి, మదురై మీదుగా దాదాపు 680 కిలోమీటర్లు. రోజుకు ఎనభై అయిదు చొప్పున ఎనిమిది రోజులు. వానలు వెళ్లిపోయి ఉంటాయి, ఎండ ఇంకా రాదు. ఏదైనా జరిగితే మీవారు ఒక రాత్రి ప్రయాణంలో మిమ్మల్ని చేరగలరు. మీకు కావలసిన ఆ ఒంటరి రాత్రి ఒకటి కాదు, ఏడు దొరుకుతాయి. వెల ఏమిటంటే, పండగ. పశువుల పండగ నాడు ఇంట్లో కోడలు లేదంటే మీ అత్తగారే కాదు, వీధి వీధంతా అడుగుతుంది. మండీలో మంచి సీజను కాబట్టి మీవారికీ పని ఎక్కువ. అత్తగారి మాటను నేను పెద్దగా పట్టించుకోను. కానీ కొడుకు పోయిన ఇంట్లో ఆవిడ నాలుగేళ్లుగా పండగ ఎలా చేస్తోందో, ఆ పూట మీరు పక్కన ఉండటం ఆవిడకు ఏమిటో మీకే తెలుసు. ఆ ఒక్క కారణం చేత వద్దనుకుంటే అది ఓడిపోవడం కాదు.

మూడోది, దేశాన్ని ముక్కలుగా తొక్కడం. ఒక దసరాకు శ్రీనగర్ నుంచి కిందికి, ఇంకో సంక్రాంతికి నాగపూర్ నుంచి హైదరాబాదుకు, అలా నాలుగేళ్లు. సైకిల్‌ను రైల్లో పార్సిలు వేసి తీసుకుపోవచ్చు. ఉద్యోగం, ఇల్లు చెదరవు. కానీ ఖర్చు ఎక్కువ, పైగా ముప్ఫయ్యో రోజున ఒంటికి వచ్చే ఆ అలవాటు, పొద్దున లేవగానే కాళ్లు వాటంతట అవే పెడలు వెతుక్కోవడం, అది రాదు. మీరు రాసిన కోరిక చూస్తే మీకు అదే కావాలనిపిస్తోంది.

నాలుగోది కారు. దీన్ని చులకనగా తీసేయకండి. కానీ ఎలా అన్నది తేల్చుకోవాలి. సైకిల్ వెనక గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కారు పాకడం హైవే మీద ప్రాణాల మీదికి తెచ్చే పని. వెనక నుంచి నూరులో వచ్చేవాడికి ఆ కారు ఆగి ఉన్నట్టే లెక్క. ముందు తగిలేది మీవారికి, ఆ తర్వాత మీకు. ఇది ఆయనకు చెప్పండి. దీర్ఘ ప్రయాణాలకు కారు తోడు ఇచ్చేవాళ్లు ముప్ఫయి కిలోమీటర్లు ముందు పోయి ఒక దాబా దగ్గర ఆగుతారు, సైకిల్ వచ్చాక మళ్లీ ముందుకు. అలాగైతే మీ అద్దంలో కారు ఉండదు. అయినా రెండు నెలలు మండీ వదిలి ఆయన ఎలా రాగలరు? ఆయనా ఆ లెక్క వేసుకునే ఉంటారు. మధ్యేమార్గం ఒకటుంది. మొదటి పది రోజులు, అంటే కొండదారి ఉన్న శ్రీనగర్, జమ్మూ, పఠాన్‌కోట్ దాకా ఆయన తోడు. తర్వాత మీరు ఒంటరిగా. మళ్లీ నాగపూర్‌లో ఒక రెండు రోజులు రైల్లో వచ్చి కలవడం. ఆ కొండదారిలో తొమ్మిది కిలోమీటర్ల పొడవున్న చెనానీ-నష్రీ సొరంగం లాంటివి ఉన్నాయి. అలాంటిచోట అక్కడి పోలీసులను అడిగి, సైకిల్‌ను బండిలో వేసుకుని దాటడమే మంచిది, అప్పుడు కారు నిజంగానే పనికొస్తుంది.

ఐదోది, కాదని పోవడం. పోగలరు. ఎవరూ కట్టేయరు. కానీ రోజంతా తొక్కి గదికి చేరి ఫోన్ చేస్తే అవతల ముక్తసరిగా 'ఊఁ' అనే గొంతు వింటూ నలభై రాత్రులు పడుకోవడం చాలా కష్టం. గాలిని తోసుకుంటూ పోవచ్చు, దాన్ని మాత్రం మోయలేం. కన్యాకుమారి చేరాక ఇంటికి వచ్చేటప్పటికి ఇల్లు ఎలా ఉంటుందో కూడా తొక్కుతున్నంతసేపూ ఆలోచనలో ఉంటుంది. దారి మీద చూపు ఉండదు.

ఏ దారి పట్టినా, మాటకు విలువ మళ్లీ తెచ్చుకోవడానికి కొన్ని పనులున్నాయి. వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టొచ్చు. ఏ దారిన పోతున్నారో రాత్రే చెప్పండి. మారితే ఆగి ఫోన్ చేసి మారానని చెప్పండి, ఆయన వద్దన్నా సరే. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలకు మించి రాదు, మధ్యాహ్నం మళ్లీ పెట్టాలి. అది పెట్టేముందు ఒక ఒప్పందం చేసుకోండి: చుక్క కదలడం ఆగిపోతే భయపడకూడదు. సివనీ, నాగపూర్ల మధ్య పెంచ్ అడవిలోనో, ఆదిలాబాద్ దగ్గర కొండల్లోనో సిగ్నల్ పోతుంది, బ్యాటరీ అయిపోతుంది. ఎన్ని గంటలు చూడాలి, ఆ తర్వాత ఎవరికి ఫోన్ చేయాలి అనేది ముందే రాసుకోవాలి. చిత్తూరులో కూర్చుని 112 కొడితే ఆ ఫోను మన రాష్ట్రంలోని కంట్రోల్ రూముకే పోతుంది. అందుకని ఆ రాత్రి దిగే లాడ్జి నంబరు, ఆ ఊరి పోలీస్ స్టేషన్ నంబరు పొద్దున్నే ఆయనకు పంపండి. మీకు దారిలో అవసరమైతే 112, హైవే మీద 1033. చిన్న ఊళ్లలో ఒంటరి ఆడమనిషికి గది ఇవ్వడానికి కొందరు తటపటాయిస్తారు, ముందురోజే ఫోన్ చేసి గది ఖాయం చేసుకుంటే సాయంత్రం ఆ అవమానం తప్పుతుంది. పంజాబులో గురుద్వారాలు మీకు ఆసరా. ఎక్కడున్నా నాలుగున్నరకు సైకిల్ దిగిపోవడం నియమంగా పెట్టుకోండి. మీ మరిది పోయింది రాత్రిపూట. "చీకట్లో తొక్కను" అన్న మాట మీవారికి ఏ హెల్మెట్‌కన్నా ఎక్కువ ధైర్యం.

నేను నాగపూర్‌లో ఎందుకు ఆగిపోయానో కూడా చెప్పాలి. మోకాలు. ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకు ఆనాలని సీటు కిందికి దించుకున్నాను. హైదరాబాద్ దాటాక కుడి మోకాలి చిప్ప ముందు సన్నగా నొప్పి మొదలైంది. నిర్మల్‌లో మెట్లు దిగలేకపోయాను. నాగపూర్‌లో ఒక సైకిల్ మెకానిక్ నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, మడమ పెడల్ మీద పెట్టమన్నాడు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు కాలు తిన్నగా చాచుకోవాలట. నా కాలు అప్పటికీ వంగే ఉంది. సీటు రెండు వేళ్లు పైకి లేపాడు. కానీ అప్పటికే ఆలస్యమైంది. సైకిల్‌ను పార్సిలు చేసి రైలెక్కి ఏడ్చాను. ఇంటికి రాగానే మా అమ్మ అడిగిన మొదటి మాట "మళ్లీ ఎప్పుడు?" అని. రోజూ రాత్రి నేను నిజమే చెప్పాను కాబట్టి అడగగలిగింది, మోకాలి నొప్పితో సహా. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచం చుట్టడానికి బయలుదేరారు. 1928లో ప్రయాణం పూర్తి చేసి తిరిగొచ్చింది ముగ్గురే. మిగతా ముగ్గురు దారిలో విరమించుకున్నారు. ఆ ముగ్గురినీ నేను చిన్నచూపు చూడలేను. మీరూ బయలుదేరేముందే "నొప్పి వస్తే, భయం వేస్తే ఆగి రైలెక్కుతాను" అని ఆయనతో అనండి. అది మీకు స్వేచ్ఛ, ఆయనకు ఊరట.

ఇక ఘాట్ మాట. అది మీరే ఎత్తాలి. నాలుగేళ్లుగా ఆయన ఆ దారిన పోవడం మానేసి, పలమనేరు పనికి మనిషిని పంపుతున్నారని రాశారు. తమ్ముడి గురించి ఆయన ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదని కూడా రాశారు. క్షమాపణ పెద్దగా వద్దు, వివరణ అసలే వద్దు. "ఆ రోజు చెప్పకుండా మొగిలి పోయాను. రైతు చెప్పినప్పుడు నీకు ఎట్లుండిందో నేను అడగలేదు" అని ఊరుకోండి. ఆయన వెంటనే ఏమీ అనకపోవచ్చు. లేచి బయటికి పోవచ్చు. ఒక్క రోజులో కారు మాట వెనక్కి తీసుకుంటారని నేను చెప్పను. తీసుకోకపోతే రెండో దారి గానీ నాలుగో దారి గానీ అప్పటికీ మీకు ఉంటాయి.

దానికి శనివారం రాత్రి మంచి సమయం. పంక్చరు వేసుకోవడం మీకు రాదని రాశారు. అది రాకుండా ఒంటరిగా పోకూడదు, కాబట్టి ఆ రాత్రి పంపు ఆయన చేతిలోంచి తీసుకోకుండా పక్కన కూర్చోండి. వెనక చక్రం విప్పడం చైను వల్ల కొంచెం చిక్కు. గేరును చివరి చిన్న పళ్లచక్రం మీదికి దించి విప్పితే సులువుగా ఊడి వస్తుంది. ఇది ఆయనకు తెలిసే ఉంటుంది. ఆయన్నే చూపించమనండి.